నా వెనక కారు తిరుగుతోంది: పని గాయం క్లెయిమ్ నిజమో మోసమో ఎలా తేలుస్తారు?

రాత్రిషిఫ్ట్:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

నాలుగు నెలల క్రితం గోదాంలో పెట్టె ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. ఎలాగో షిఫ్ట్ పూర్తి చేసి మర్నాడు సూపర్‌వైజర్‌కి చెప్పాను. స్కాన్ తీసి వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఉబ్బిందని రాశారు. క్లెయిమ్ పెట్టాక మొదట్లో డబ్బు సక్రమంగానే వచ్చింది. ఇప్పుడు మూడు వారాలుగా మా వీధి చివర బూడిదరంగు కారు ఒకటి ఆగి ఉంటోంది. ఫిజియోథెరపీకి వెళ్లిన రెండుసార్లూ అదే కారు, లేదా అలాంటిదే, కనిపించింది. పోయిన వారం బీమా కంపెనీ ఉత్తరం రాసింది. వాళ్లు చెప్పిన డాక్టరు దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోవాలట. నిన్న ఫోన్ చేసి ఇంకోసారి స్టేట్‌మెంట్ రికార్డు చేస్తామన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజం. అయినా చెత్తబుట్ట బయట పెట్టాలన్నా భయమేస్తోంది, ఎవరో ఫొటో తీస్తారేమోనని. మా ఆవిడే పెడుతోంది. ఇంతకీ వీళ్లు ఏం వెతుకుతారు? ఎలా వెతుకుతారు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సూటిమాట:

తప్పు చేయనివాడికి భయమెందుకు బ్రదర్? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నేను పాత ఉద్యోగంలో కళ్లారా చూశాను. ఒకడు భుజం పట్టేసిందని ఏడు నెలలు ఇంట్లో కూర్చుని డబ్బు తీసుకున్నాడు. ఆ ఏడు నెలలూ ఇళ్లకు రంగులు వేశాడు, నిచ్చెన ఎక్కి మరీ. వాడి వాటా పని మేము చేశాం. ఇలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే కార్లు తిరుగుతాయి.

పాతకెమెరా:

పదకొండేళ్లు ఆ కారులో కూర్చున్నది నేనే. అంటే అలాంటి కారులో. ఇప్పుడు మానేశాను కాబట్టి మాట్లాడొచ్చు.

తమ్ముడూ, ముందుగా ఒక మాట. మూడు వారాలు అదే కారు, అదే చోట, నీకు కనిపించేలా ఉందంటే అది బహుశా మా వృత్తివాళ్లది కాదు. నిఘా ఖరీదైన పని. ఏ బీమా కంపెనీ అయినా మాకు ఇచ్చేది రెండు మూడు రోజులే. ఆ రోజులు కూడా ఊరికే ఎంచుకోరు. నువ్వు కచ్చితంగా ఇంట్లోంచి బయటికి వచ్చే రోజు చూసి పెడతారు. వాళ్ల డాక్టరు పరీక్షకు పిలిచిన రోజు అందుకు బాగా పనికొస్తుంది. తేదీ, టైము, అడ్రసు అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. పరీక్షకు వెళ్లేటప్పుడు మనిషి ఎలా నడిచాడు, తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఎక్కడ ఆగాడు, ఏం ఎత్తాడు అన్నది తీస్తాం. వెళ్లేటప్పుడు కుంటి, వచ్చేటప్పుడు మామూలు నడక ఉంటే మా ఆఫీసు పెద్దలకు పండగే.

ఎనిమిది గంటలు కూర్చుంటే చేతికొచ్చేది నలభై సెకన్లు. అది కూడా పాలప్యాకెట్టు తీసుకుంటున్న వీపు. సినిమా అనుకుని ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు నెలకే పారిపోయేవాళ్లు.

హద్దులు దేశాన్నిబట్టి, రాష్ట్రాన్నిబట్టి మారతాయి. మోటుగా చెప్పాలంటే, రోడ్డు మీద నిలబడ్డ ఎవరికైనా కనిపించేదాన్నే తీయాలి. కిటికీలోంచి ఇంట్లోకి జూమ్ చేయకూడదు. చాటుగా మాటలు రికార్డు చేయకూడదు. కరెంటు మీటరు చూడాలని అబద్ధమాడి లోపలికి దూరకూడదు. హద్దు దాటితే ఆ వీడియో చెల్లకపోవచ్చు, తీసినవాడి లైసెన్సే పోవచ్చు.

ఇక అసలు సంగతి. వీడియో ఒక్కటే ఎవరినీ ముంచదు. దాన్ని నీ మాట పక్కన పెట్టి చూస్తారు. చెత్తబుట్ట పెట్టడం నేరం కాదు. "నేను ఏమీ ఎత్తలేను" అని రికార్డులో చెప్పి చెత్తబుట్ట పెడితేనే చిక్కు. "తేలికైనవి ఎత్తుతాను, తర్వాత నొప్పి వస్తుంది" అన్నవాడి వీడియో మేము వంద గంటలు తీసినా దండగే.

ఫైళ్లబల్ల:

నేను బీమా వైపు క్లెయిములు చూసే దాన్ని. రోజూ చేసేది ఇదే కాబట్టి కారు ఎక్కకముందు ఏం జరుగుతుందో చెబుతాను.

క్లెయిమ్ రాగానే ముగ్గురితో మాట్లాడాలి: గాయపడిన మనిషి, యజమాని, చూసిన డాక్టరు. వీలైతే 24 గంటల్లో. ముగ్గురినీ విడివిడిగా ఒకే ప్రశ్నలు అడుగుతాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుంటే, ఎవరు చూశారు, శరీరంలో ఏ భాగం? మొదటి డాక్టరు చీటీలో "పెట్టె ఎత్తుతుంటే" అని, యజమాని రిపోర్టులో "మెట్లమీద జారి" అని, మనిషి స్టేట్‌మెంట్‌లో ఇంకోటి ఉంటే ఫైలు పక్కన పెడతాం. చాలాసార్లు కారణం సాదాగా ఉంటుంది. ఆసుపత్రిలో రాసుకున్నవాళ్లు సరిగా వినలేదు, లేదా సూపర్‌వైజర్ ఎవరో చెప్పింది విని రాసేశాడు. ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

అనుమానం పుట్టించేవి అని మా దగ్గర ఒక పట్టీ ఉంటుంది. సాక్షి లేడు, ఆలస్యంగా చెప్పారు, ఉద్యోగంలో చేరి వారమే అయింది, తీసేస్తారన్న నోటీసు వచ్చాక క్లెయిమ్ వచ్చింది, పగలు ఎప్పుడు ఫోన్ చేసినా ఇంట్లో ఉండరు, డాక్టర్లను తరచు మారుస్తున్నారు. అందులో ఒకటో రెండో తగిలితే నేను పట్టించుకోను. రాత్రి షిఫ్టులో ఒంటరిగా పనిచేసేవాడికి సాక్షి ఎక్కడినుంచి వస్తాడు? నాలుగైదు కలిసి కనిపిస్తేనే మోసాలు చూసే ప్రత్యేక విభాగానికి పంపుతాం. అక్కడ చాలామంది పోలీసుల్లో చేసి వచ్చినవాళ్లు.

వాళ్లు మొదట చేసేది కంప్యూటరు ముందు కూర్చోవడం. చాలా బీమా కంపెనీలు క్లెయిములు పంచుకునే ఉమ్మడి డేటాబేసులు ఉన్నాయి. పేరు, పుట్టిన తేదీ కొడితే గతంలో ఏ కంపెనీలో ఏ భాగానికి క్లెయిమ్ పెట్టారో, కారు యాక్సిడెంటుతో సహా వచ్చేస్తుంది. తర్వాత సోషల్ మీడియా. అందరికీ కనిపించే పోస్టులు చూడొచ్చు. దొంగ పేరుతో ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపి లోపలికి వెళ్లడం తప్పు, మా దగ్గర నిషేధం.

కాబట్టి స్టేట్‌మెంట్‌లో "ఇంతకుముందు నడుం నొప్పి ఉందా" అని అడిగినప్పుడు, జవాబు మా దగ్గర ముందే ఉండే అవకాశం ఎక్కువ. అడిగేది తెలుసుకోవడానికి కాదు, మీరేమంటారో వినడానికి. గుర్తు లేకపోతే "గుర్తు లేదు" అనండి. "లేదు" వేరు, "గుర్తు లేదు" వేరు.

సూటిమాట:

మరి సోమవారం పొద్దున గాయాల సంగతేంటి? శని, ఆదివారాలు క్రికెట్ ఆడి నడుం పట్టించుకుని సోమవారం పనిలో అయిందని చెప్పేవాళ్లు లేరా? మా పాత మేనేజరు సోమవారం వచ్చిన క్లెయిమ్ ఏదైనా నమ్మేవాడు కాదు.

లెక్కలపిచ్చి:

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న.

సోమవారం గాయాలు ఎక్కువ, ముఖ్యంగా బెణుకులు, నడుం పట్టేయడాలు. అది నిజం. మీ మేనేజరు చెప్పే కారణమే నిజమైతే ఏం జరగాలి? ఆరోగ్య బీమా లేనివాళ్లు ఆదివారం దెబ్బను సోమవారానికి ఎక్కువగా మోసుకురావాలి కదా, వాళ్లకు ఇంకో దారి లేదు కాబట్టి. 1996లో డేవిడ్ కార్డ్, బ్రయన్ మెకాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలోని మిన్నెసోటా క్లెయిములు తీసుకుని సరిగ్గా ఇదే చూశారు. ఆరోగ్య బీమా ఉండే అవకాశం తక్కువున్నవాళ్లు సోమవారం ఎక్కువ క్లెయిములు పెట్టినట్టు కనబడలేదు. ఆ కార్డ్‌కే 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, వేరే పనికి లెండి.

సోమవారం ఎందుకు ఎక్కువ మరి? రెండు రోజులు కదలని ఒంటిని ఒక్కసారిగా బరువులకు దింపడం కూడా కావచ్చు. అబద్ధమాడేవాళ్లు అసలు లేరని నేననను. రోజు పేరు చూసి మనిషిని పట్టలేం, అంతే.

ఎముకలడాక్టరు:

బీమా కంపెనీలు పంపే పరీక్షలు నేను కొన్నేళ్లు చేశాను. రాత్రిషిఫ్ట్ గారూ, ఆ పరీక్ష వైద్యం కాదని మొదట గుర్తుంచుకోండి. ఆ గదిలో నేను మీ డాక్టరును కాను. మందు రాయను. మీరు చెప్పేది రహస్యంగానూ ఉండదు, రిపోర్టులోకి వెళ్తుంది. దాన్ని స్వతంత్ర పరీక్ష అంటారు గానీ ఫీజు ఎవరిస్తున్నారో అందరికీ తెలుసు. నిజాయితీగా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఒకే రిపోర్టును పేరు మార్చి ఇచ్చేవాళ్లనూ చూశాను.

మేం మిమ్మల్ని చూడడం బల్ల మీద మొదలవదు. కుర్చీలోంచి ఎలా లేచారు, చెప్పులు ఎలా విడిచారు అన్నవీ చూస్తాం. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తితే అబ్బా అన్నారనుకోండి, కాసేపయ్యాక కూర్చోబెట్టి, పాదం చూస్తున్నట్టు అదే కాలు చాపిస్తాం. నరం నిజంగా నొక్కుకుంటే రెండుచోట్లా ఇబ్బంది కనబడాలి. 1908 నాటి హూవర్ పరీక్ష ఇంకోటి ఉంది. పడుకున్న మనిషిని ఒక కాలు ఎత్తమంటాం, రెండో కాలి మడమ కింద నా చెయ్యి ఉంటుంది. నిజంగా ప్రయత్నిస్తే ఆ మడమ కిందికి నొక్కుతుంది. పిడికిలి బలం కొలిచే పరికరంలో పట్టు వెడల్పు ఐదు స్థానాల్లో మార్చి పట్టిస్తాం. సాధారణంగా మధ్య స్థానాల్లో బలం ఎక్కువ, రెండు చివర్లా తక్కువ వస్తుంది. కావాలని మెల్లగా పట్టేవాళ్లకు అన్నిచోట్లా దాదాపు ఒకే అంకె వస్తుందని దాన్ని వాడతారు.

ఇప్పుడు నా కోపం. 1980లో గోర్డన్ వాడెల్ అనే స్కాట్లాండ్ సర్జన్ నడుం నొప్పివాళ్లలో కొన్ని గుర్తులు రాశాడు. చర్మాన్ని తాకితేనే నొప్పి అనడం, తల మీద మెల్లగా నొక్కితే నడుములో నొప్పి అనడం లాంటివి. ఐదు వర్గాల్లో మూడు కనిపిస్తే, నొప్పి వెనక మనసుకు సంబంధించినది కూడా ఉండొచ్చు, ఆపరేషన్‌కు ముందు అదీ చూడండి అన్నది ఆయన ఉద్దేశం. దాన్ని పట్టుకుని కొందరు "మూడు గుర్తులు ఉన్నాయి, నటిస్తున్నాడు" అని రిపోర్టులు రాసేస్తారు. ఇది నటన పట్టే పరీక్ష కాదని వాడెలే తర్వాత రాశాడు. భయపడ్డ మనిషి, నాలుగు నెలలుగా ఎవరూ నమ్మని మనిషి కొంచెం ఎక్కువ చేసి చూపిస్తాడు. అది మోసం కాదు. పిల్లలు కూడా అమ్మ చూడనప్పుడు ఇంకాస్త గట్టిగానే ఏడుస్తారు.

స్కాన్ ఉంది కదా అని ధీమా కూడా వద్దు. 1994లో నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, వారిలో 52 శాతం మందికి కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. అంటే స్కాన్‌లో ఉబ్బు ఉన్నంతమాత్రాన పనిలోనే వచ్చిందని రుజువు కాదు. అలాగే ఉబ్బు చిన్నదే కదా అని మీ నొప్పి అబద్ధమూ కాదు. ఫొటోలో నొప్పి కనబడదు.

రాత్రిషిఫ్ట్:

అందరికీ థాంక్స్. డాక్టరు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఫైళ్లబల్ల గారు రాసింది చదివాక మాత్రం కడుపులో తిప్పుతోంది. నిజం చెప్పేస్తాను. రెండేళ్ల క్రితం ఇల్లు మారినప్పుడు నడుం పట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్లాను. వారం రోజులు మాత్రలు వేసుకున్నాను, తగ్గిపోయింది. పూర్తిగా మర్చిపోయాను. మొదటి స్టేట్‌మెంట్‌లో "గతంలో నడుం సమస్య ఉందా" అంటే "ఎప్పుడూ లేదు" అన్నాను. గట్టిగా అన్నాను కూడా. వాళ్లు మళ్లీ పిలుస్తున్నది అందుకేనా?

సూటిమాట:

చూశారా! నేను మొదటే చెప్పాను. "అబద్ధం చెప్పలేదు" అని మొదలుపెట్టి నాలుగు పోస్టులు దాటేసరికి అసలు కథ బయటికొచ్చింది.

పాతకెమెరా:

సూటిమాట, ఆగవయ్యా. రెండేళ్ల కిందట వారం రోజులు వేసుకున్న మాత్రలు నీకు గుర్తుంటాయా?

సూటిమాట:

నాకు గుర్తుంటాయి. డబ్బు తీసుకుంటున్నప్పుడు ఇంకా బాగా గుర్తుండాలి. ఆ అబద్ధాల ఖర్చు

మోడరేటర్:

ఇద్దరూ నెమ్మది. సూటిమాట గారి పోస్టులో ఒక భాగం తీసేశాను. మనిషిని దొంగ అనకుండా విషయం మాట్లాడండి. చర్చ తెరిచే ఉంచుతున్నాను.

నల్లకోటు:

ఆలస్యంగా చూశాను. ఈ కేసులే చూస్తుంటాను, రెండు వైపులా చేశాను. ఇది సలహా కాదు, మీ చోట పనిచేసే వకీలునే అడగండి. కానీ ఒక గీత మాత్రం అందరూ తెలుసుకోవాలి.

ఈ చట్టాల పుట్టుక చూస్తే విషయం అర్థమవుతుంది. జర్మనీ 1884లో, బ్రిటన్ 1897లో, అమెరికాలో విస్కాన్సిన్ 1911లో, మన దేశం 1923లో ఇలాంటి చట్టాలు తెచ్చుకున్నాయి. అంతకుముందు యజమాని తప్పు ఉందని కార్మికుడు కోర్టులో నిరూపించాలి. అది నిరూపించేలోపు కుటుంబం రోడ్డున పడేది. కొత్త ఏర్పాటులో తప్పు ఎవరిదన్న ప్రశ్న దాదాపుగా తీసేశారు. పనివల్ల, పనిచేస్తుండగా గాయమైతే పరిహారం. చాలాచోట్ల దానికి బదులుగా కార్మికుడు యజమాని మీద దావా వేసే హక్కు వదులుకున్నాడు. తప్పు ఎవరిదో అడగని చట్టంలో కొట్లాటంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఇది పనిలోనే అయిందా, ఎంత అయింది? దానికి మొదటి సాక్ష్యం గాయపడ్డవాడి నోటి మాటే. అందుకే ఆ మాట మీద అంత పట్టు.

మోసం అనాలంటే మాట తప్పయితే సరిపోదు. అబద్ధమని తెలిసే చెప్పి ఉండాలి, ఆ అబద్ధం క్లెయిమ్ ఫలితాన్ని మార్చగలిగేదై ఉండాలి. మర్చిపోవడం మోసం కాదు. గుర్తొచ్చాక కూడా దాచి, రెండోసారి "ఎప్పుడూ లేదు" అంటే అది మోసమే. రాత్రిషిఫ్ట్ గారూ, మీరు ఇప్పుడు సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నారు.

పాత నొప్పి ఉన్నంతమాత్రాన క్లెయిమ్ పోదు. ఉన్న సమస్యను పని ఇంకా పెంచితే, ఆ పెరిగిన మేరకు పరిహారం ఇచ్చే పద్ధతి చాలా చట్టాల్లో ఉంది. దాచకపోతే మీ కేసు కొంచెం చిక్కుపడేదేమో, దాస్తే మాత్రం మునుగుతుంది.

ఫైళ్లబల్ల:

నల్లకోటు గారు చెప్పిందే. స్టేట్‌మెంట్‌కు ముందే, రాతపూర్వకంగా పంపండి. రెండు వాక్యాలు చాలు: ఫలానా స్టేట్‌మెంట్‌లో ఇలా చెప్పాను, తర్వాత గుర్తొచ్చింది, ఫలానా సమయంలో వారం రోజులు మందులు వాడాను, ఆ డాక్టరు వివరాలు ఇవి. ఎందుకు మర్చిపోయారో కథ రాయకండి. పంపినదాని కాపీ, తేదీతో దగ్గర పెట్టుకోండి.

మేం పట్టుకున్నాక ఒప్పుకోవడం, మేం అడగకముందే మీరే చెప్పడం రెండూ ఒకటే వాక్యం కావచ్చు. ఫైల్లో మాత్రం వేర్వేరు పేజీల్లో పడతాయి. మొదటిది ప్రత్యేక విభాగానికి పోతుంది.

జీతాలపట్టీ:

ఇదంతా చదువుతుంటే నాకొకటే అనిపిస్తోంది. మనమంతా ఒక్క నడుం చుట్టూ తిరుగుతున్నాం. మోసం అంటే కార్మికుడేనా?

నేను ప్రీమియం ఆడిట్ చేస్తాను. ఈ బీమాలో యజమాని కట్టే ప్రీమియం ముఖ్యంగా రెండింటి మీద ఉంటుంది: మొత్తం జీతాలు ఎంత, ఆ పని ఎంత ప్రమాదకరం. ఇళ్ల పైకప్పులు వేసేవాడికి రేటు చాలా ఎక్కువ, ఆఫీసులో గుమాస్తాకు చాలా తక్కువ. కాబట్టి కాగితాల మీద పైకప్పుల కంపెనీలో ఇరవైమంది గుమాస్తాలు, ఇద్దరే కూలీలు ఉంటారు. ఇరవైమంది గుమాస్తాలు కూర్చోవడానికి అక్కడ కుర్చీలు ఉండవు! ఇంకొందరు సగం జీతాలు చేతికి నగదుగా ఇస్తారు, లేదా ఉద్యోగుల్నే స్వతంత్ర కాంట్రాక్టర్లని రాసేస్తారు. ఎవరైనా కింద పడ్డాకగానీ ఇది బయటపడదు. పడ్డవాడి పేరు ఏ పట్టీలోనూ ఉండదు. అప్పుడు "మోసం" అన్న అనుమానం అతని మీదికే వెళ్తుంది.

మా పని బోరుగా ఉంటుంది. పన్ను శాఖకు చూపిన జీతాలు, బ్యాంకు నుంచి బయటికి వెళ్లిన డబ్బు, మాకు చూపిన పట్టీ మూడూ పక్కపక్కన పెట్టడం. తర్వాత చెప్పకుండా సైటుకు వెళ్లి తలలు లెక్కపెట్టడం. మీ కెమెరా మనిషి కంటే నాకు ఎండ ఎక్కువ తగిలింది.

వైద్యం వైపు ఇంకా పెద్ద లెక్కలు. చేయని ఫిజియోథెరపీకి బిల్లు, ఒకే ప్రక్రియను ముక్కలు చేసి విడివిడి బిల్లులు. వాటిని డేటాతోనే పడతారు. ఒక డాక్టరు ఒక్కరోజు బిల్లుల్లో గంటలు కూడితే 24 దాటితే ఇక ఎవరి వెనకా కారు వేయక్కర్లేదు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఒక ఆసుపత్రి వెన్నెముక ఆపరేషన్లకు రోగులను పంపితే డాక్టర్లకు, ఇతరులకు లంచాలు ఇచ్చేది. చాలావరకు పని గాయాల బీమా నుంచే రాబట్టారు, బిల్లులు 50 కోట్ల డాలర్లు దాటాయి. యజమానికి 2018లో 63 నెలల జైలు పడింది. ఎన్ని నడుములు కావాలి దానికి సమానం కావడానికి, సూటిమాట గారూ?

సూటిమాట:

సరే, అది నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ చిన్నదొంగను వదిలేయమని కాదు కదా. ఫ్లోరిడాలో ఒకావిడ ఉదంతం వార్తల్లో చూశాను. ఆఫీసులో పైకప్పుకున్న నీటి స్ప్రింక్లర్ ముక్క ఊడి ఆమె బల్ల మీద పడింది. ఆమె అటూ ఇటూ చూసి, ఆ ముక్క తీసుకుని తన నుదుటికే కొట్టుకుంది. తర్వాత క్లెయిమ్. ఆఫీసు కెమెరాలో మొత్తం ఉంది. ఇలాంటిదానికి ఏమంటారు?

పాతకెమెరా:

ఏమంటాం, నవ్వుతాం. అలాంటి టేపు నాకు పదకొండేళ్లలో ఒక్కటీ దొరకలేదు. అందుకే అది వార్త అయింది.

నాకు గుర్తుండిపోయింది వేరేది. ఒకాయన, మోకాలి గాయం. రెండు రోజుల పని ఇచ్చారు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం చిన్నపాపను భుజం మీద కూర్చోబెట్టుకుని పార్కులో ఆరు నిమిషాలు నడిచాడు. మంచి వెలుతురు, స్పష్టంగా వచ్చింది. ఆఫీసులో అందరూ శభాష్ అన్నారు. ఆ క్లిప్ చూసి డబ్బు ఆపేశారు. తర్వాత విచారణలో అతని వకీలు నా మొత్తం ఫుటేజీ అడిగాడు. అప్పుడు నేనే మొదటిసారి మళ్లీ చూశాను. పార్కు తర్వాత గంటా పది నిమిషాలు అతను బెంచీ మీదే కూర్చున్నాడు, మోకాలు రెండు చేతులతో పట్టుకుని. పాప ఆడుకుంటోంది. ఆ ముక్క కూడా నా కెమెరాలోనే ఉంది, నేనే తీశాను. రిపోర్టులో "విషయం ఏమీ లేదు, విరామం" అని రాశాను.

తిరిగి డబ్బు ఇచ్చారని విన్నాను. ఆ మధ్యలో ఎన్ని నెలలు పోయాయో నాకు తెలియదు, అడగలేదు. నేను మానేయడానికి అదొక్కటే కారణం అని చెప్పను, మోకాళ్లు నాకూ అరిగాయి.

తమ్ముడూ, ఎప్పుడైనా నీకు క్లిప్ చూపిస్తే, మిగతాదంతా ఎక్కడ అని అడుగు. ముందు ఏముంది, తర్వాత ఏముంది, ఎన్ని రోజులు తీశారు, ఎన్ని రోజులు ఏమీ రాలేదు. ఏమీ రాని రోజులు కూడా సాక్ష్యమే.

నల్లకోటు:

దీనికి ఒకటి కలుపుతాను. నిఘా పెట్టడానికి కూడా కారణం ఉండాలని అడిగే దేశాలున్నాయి. 2015 ఫిబ్రవరిలో జర్మనీ ఫెడరల్ లేబర్ కోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. అనారోగ్య సెలవులో ఉన్న ఒక మహిళా ఉద్యోగి వెంట యజమాని డిటెక్టివ్‌ను పెట్టి వీడియో తీయించాడు. గట్టి ఆధారమున్న అనుమానం లేకుండా అలా చేయడం చట్టవిరుద్ధమని చెప్పి, కోర్టు ఆమెకు 1,000 యూరోలు ఇప్పించింది. పెద్ద మొత్తం కాదు. కానీ "నాకు డౌటొచ్చింది" అంటే చాలదని తేలింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కాలిఫోర్నియాలో ఈ మోసానికి ఐదేళ్ల వరకు జైలు, 1,50,000 డాలర్లు లేదా మోసం విలువకు రెట్టింపు, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా ఉన్నాయి. ఆ సెక్షన్ పరిహారం పొందడానికి చెప్పిన అబద్ధానికే కాదు, పరిహారం రాకుండా చేయడానికి చెప్పిన అబద్ధానికీ వర్తిస్తుంది. మోసం నేరమని హెచ్చరించే పోస్టర్ల మీద ఈ రెండో సగం ఎవరూ అచ్చువేయరు.

మాజీసూపర్‌వైజర్:

ఆ రెండో సగం నేను చేశాను.

పేర్లు వద్దు, చాలా ఏళ్లయింది. మా యూనిట్‌లో "ఇన్ని రోజులుగా ప్రమాదం లేదు" అని బోర్డు ఉండేది. నెల నిండితే సూపర్‌వైజర్లకు బోనస్. నా కింద పనిచేసే ఒకాయనకు చేతివేళ్లు నలిగాయి. "ఇంటి దగ్గర తలుపులో పడ్డాయని రాయిద్దాం, ఖర్చు నేను చూసుకుంటా" అన్నాను. ఆయన సరేనన్నాడు. నన్ను నమ్మాడు. రెండు నెలలకు వేలు వంగడం మానేసింది, అప్పుడు క్లెయిమ్ పెట్టాడు. మొదటి కాగితంలో తలుపు, క్లెయిమ్‌లో మెషిను. ఆలస్యం ఉంది, మాట మారింది, సాక్షి లేడు. పైన ఫైళ్లబల్ల గారు చెప్పిన అనుమానపు గుర్తుల్లో మూడు, మూడూ నేను పెట్టినవే.

దర్యాప్తుకు వచ్చినాయన నన్ను అడిగితే నిజం చెప్పాను, కానీ వెంటనే కాదు. రెండోసారి అడిగినప్పుడు. అక్కడ ఇక ఎక్కువ రాయలేను.

ఫైళ్లబల్ల:

మీరు రాసింది మా ట్రైనింగులో చెప్పాల్సింది. ఆలస్యంగా వచ్చిన క్లెయిమ్ చూస్తే ఇప్పుడు నేను "ఎందుకు ఆలస్యం" అని మనిషిని అడిగే ముందు, ఆ యూనిట్‌లో బోర్డు ఉందా అని అడుగుతాను. పదేళ్ల క్రితం అడిగేదాన్ని కాదు.

రాత్రిషిఫ్ట్:

వారం తర్వాత వస్తున్నాను, క్షమించండి.

ఉత్తరం పంపేశాను, నాలుగే వాక్యాలు. స్టేట్‌మెంట్‌లో ఆమె మొదటి ప్రశ్నే అది. "మీ ఉత్తరం అందింది" అని చెప్పి ముందుకు వెళ్లింది. నమ్మిందో లేదో గొంతులో తెలియలేదు. ఎంత ఎత్తగలరంటే, మంచి రోజున బియ్యం సంచి కాదుగానీ చిన్న బకెట్టు, చెడ్డ రోజున అదీ లేదని చెప్పాను.

బూడిదరంగు కారు పైవాటాలో కొత్తగా దిగినవాళ్ల అబ్బాయిదట. ఫిజియోథెరపీ దగ్గర కనిపించింది మరి ఎవరిదో. పరీక్షకు వెళ్లిన రోజు మాత్రం ఎదురుగా తెల్ల వ్యాను ఒకటి ఉంది, అద్దాలు నల్లవి. పాతకెమెరా అన్నా, నువ్వు చెప్పింది గుర్తొచ్చి నవ్వొచ్చింది. మామూలుగానే నడిచాను, నడుం పట్టుకునే.

డాక్టరు పన్నెండు నిమిషాలు చూశాడు. రిపోర్టు ఇంకా రాలేదు.

సూటిమాట:

ఆల్ ది బెస్ట్. ఆ రోజు కొంచెం ఎక్కువ మాట్లాడాను.

రాత్రిషిఫ్ట్:

పర్లేదండీ. ఒక చిన్న సందేహం మిగిలింది. ఇప్పుడు ఇంకో ఫారం పంపారు. "రోజూ ఎంతసేపు నిలబడగలరు" అన్నచోట ఒకటే గడి ఉంది. మంచి రోజు లెక్క రాయాలా, చెడ్డ రోజు లెక్కా?

ఫైళ్లబల్ల:

రెండూ రాయండి. గడి చాలకపోతే కాగితం వెనక రాసి, గడిలో "వెనక చూడండి" అని పెట్టండి. వెనక చూడనివాళ్లు ఉంటారు కాబట్టి రెండు వైపులా ఫొటో తీసి ఉంచుకోండి.